తొమ్మిదిన్నర గంట

పర్లాకిమిడిలో దండాసి జెరాక్సు షాపు మేడమీద
ఏడుగురం, ఆరు కుర్చీలు.
నేను కాగితాల కట్ట మీద కూర్చున్నాను.
ఫోను ఒకసారి ఆంధ్రా టవరు పట్టుకుంటోంది,
ఒకసారి ఒడిశాది.
ఎవరి ఊళ్లో ఉన్నామో దానికీ తేలలేదు.

మేం తేల్చాల్సింది ఒక్కటే.
సభ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి
అందరూ ఇంకా ఒకే గదిలో,
చేతులకి ఉప్మా వాసనతో ఉన్నప్పుడు
ఆ నలభై నిమిషాలు ఎవరివి?

"కీలకోపన్యాసమా? కీళ్ల నొప్పులకేటి?"
అంటూ టీ గ్లాసులు దించాడు దండాసి.
నవ్వాం.
తర్వాత మూడు గంటలు ఎవరం నవ్వలేదు.

మొదటి పేరు బెంగుళూరాయనది.
మేం ఊరికే రాసి ఊరికే పంచే కోడు మీద
మేడలు కట్టిన కంపెనీ.
ఆయన మాట్లాడితే
రెండొందల మందికి మధ్యాహ్నం భోజనం వాళ్ల ఖర్చు.
పాణిగ్రాహి లెక్కల పుస్తకం తెరిచాడు.
చేతిలో పదకొండు వేల మూడొందలు,
పైన షామియానా బాకీ.
"స్వేచ్ఛ సరే, దాల్మాలో కందిపప్పు ఎవరు పోస్తారు?"
తెలుగులో పోట్లాడతాడు గానీ
డబ్బు మాట వస్తే ఒడియాలోకి వెళ్లిపోతాడు.

రెండో పేరు ఎస్తేరు రైతాది.
గుమ్మ దగ్గర ఆడపిల్లల హాస్టలు వార్డెను.
సొర మాటలకి కీబోర్డు చేసింది.
ఆరేళ్లుగా ఒక్కతే దాని మరమ్మతు,
పిల్లలు పడుకున్నాక, కరెంటు ఉంటే,
సిగ్నలు కోసం నీళ్ల ట్యాంకు మెట్లెక్కి.
"ఆవిడ మాట్లాడగలదా?" అన్నాడొకడు.
ఎవరం ఎప్పుడూ అడిగి చూడలేదు.
"పోస్టరు మీద బాగుంటుంది" అన్నాడింకొకడు.
మంచివాడే.
ఆ మాట ఆరని ఇంకులా
తాకిన ప్రతివాడికీ అంటుకుంది.
నీలవేణి లేచి కిటికీ తెరిచింది.

మూడో పేరు ఎవరూ అనలేదు.
అది నా జేబులో ఉంది,
నాలుగు మడతల చీటీ మీద,
నా రాత కాదన్నట్టు వంకరగా రాసుకున్న నా పేరు.
తొమ్మిదేళ్లు బ్యానర్లు కట్టాను, వైర్లు చుట్టాను.
మైకు పరీక్షకి ఒకటి, రెండు, మూడు అన్నాను.
ఆ మైకులో ఇంతవరకు నాలుగు అనలేదు.

ఓటు వేద్దామన్నారు.
వద్దు, ఏకాభిప్రాయమన్నారు.
ఏకాభిప్రాయం కావాలా వద్దా అని ఓటు వేశారు.
చివరికి జెరాక్సు ట్రేలో చీటీలు పడ్డాయి.
మూడు ఇటు, మూడు అటు,
ఏడోది నా చేతిలో.

ఎస్తేరు అని రాశాను.
న్యాయమనిపించి రాశానని చెప్పను.
నాకు రానిది బెంగుళూరుకి పోకూడదనుకున్నాను.
సరైన పేరు
వంకర చేతిలోంచి కూడా పడుతుంది కాబోలు.

ఫోను చేశాం, స్పీకరు పెట్టి.
గాలి హోరు, ట్యాంకు మీదే ఉన్నట్టుంది.
"ఏం చెప్పాలి?"
మీ ఇష్టం, అంది నీలవేణి.
"అయితే పాడైనవాటి గురించి చెబుతాను, అవే చాలా ఉన్నాయి."
కాసేపాగి,
"తొమ్మిదిన్నరకా?
మా మొదటి బస్సు అక్కడ దిగేసరికి పదిన్నర."

తొమ్మిదేళ్లుగా మా సభ
ఆ బస్సు రాకముందే మొదలైపోతోంది.
ఆ సంగతి ఇవాళ తెలిసింది.

కింద కార్యక్రమం పట్టికలు అప్పటికే అచ్చయి,
తాళ్లు కట్టి ఉన్నాయి, రెండొందలు.
మళ్లీ వేస్తే డబ్బులు, అన్నాడు దండాసి,
పెన్నులయితే ఊరికే ఇస్తాను.
విప్పి కూర్చున్నాం.
తొమ్మిదిన్నర కొట్టేసి పదకొండు,
తొమ్మిదిన్నర కొట్టేసి పదకొండు.

నా పెన్ను సరిగ్గా పడలేదు.
జేబులోంచి చీటీ తీసి
పడేదాకా దాని మీద గీశాను.

భోజనం సంగతి ఇంకా తేలలేదు.