ఏడో తొట్టి

డ్రెస్డెన్‌లో తెల్లారకముందే వీబ్కె లైట్లు వేస్తుంది.
ఏడో తొట్టిలో, నాలుగు వారాల కిందట
తన చేత్తోనే వెన్ను తెంచిన చారల చేప
ఇంకా అడుగునే, తోక ఈడ్చుకుంటూ.
ఇరవై ఎనిమిదో రోజు: "కొంచెం" అని రాసింది.
ఏం కొంచెమో ప్రొఫెసరుకి చెప్పలేకపోయింది.

తెగిన చోట మనకైతే మచ్చ కడుతుంది,
దారికి అడ్డంగా.
దీనికి వంతెన. వెంట్రుక కన్నా సన్నం,
ఎవరూ అడక్కుండానే.

నలభై రెండో రోజు
గాజు గొట్టంలో నీటిని ఎదురు వదిలారు.
ఈదింది. కాస్త వంకరగా.

కింద లిఫ్టు దగ్గర, చక్రాల కుర్చీలోంచి
రాత్రి కాపలా ఊడో, అలవాటుగా:
"ఇవాళేమైనా?"
చేప వాసనేసే చేతులు
కోటు జేబుల్లో దాచుకుంది.
"ఈదింది."
"ఎంతసేపు?"

లిఫ్టు వచ్చి, తలుపు తెరిచి,
మూసుకుని వెళ్ళిపోయింది.