ఎలుక కొరికిన తీగ

డాక్టరు తెర మీద తెల్లటి మచ్చలు చూపించి
ఏదో చెప్పబోతుంటే ఓరెస్ట్ ఆపాడు.
"తెలుసు. చలికాలమంతా షెడ్డులో ఉన్న కంబైనులో
ఎలుకలు తీగ మీది తొడుగు కొరికేస్తాయి.
లోపల రాగి బాగానే ఉంటుంది. కబురే చేరదు."

అది యార్క్‌టన్‌లో, మంచు కరిగే వారం.

ఇప్పుడు ఎడమ కాలికి కబురంపితే
తీరిగ్గా కదులుతుంది, ఒక్కోసారి కదలదు.
చొక్కా గుండీలు నేనే పెడతాను.
పెడుతున్నంతసేపూ ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తాం.

రాత్రి లెక్కల పుస్తకం తెరుస్తాను.
మందుకి ఇన్ని బుషెళ్ల కనోలా.
సాస్కటూన్ దాకా పెట్రోలు. మెట్ల పక్కన కడ్డీ.
స్కూలు బస్సు నడపడం మానేశాక రాని నా జీతం
ఏ గడిలో వేయాలో తెలీక
అంచున పెన్సిలుతో రాశాను.
అలసటకి గడే లేదు.
"బానే ఉన్నాడే మనిషి" అనే పొరుగువాళ్ల మాటకీ లేదు.

నిన్న కంబైను కోసం ఎవరో కుర్రాడొచ్చాడు, ట్రెంట్.
బేరం కుదిరింది. చేతికర్ర చక్రానికి ఆనించి
తాళం ఇస్తూ ఓరెస్ట్ అన్నాడు:
"తీగలన్నీ పోయినేడే కొత్తవి వేశాను,
ఎక్కడా ఒక్క గాటు లేదు, చూసుకో."

ట్రెంట్ చెక్కు రాస్తున్నాడు.
వినలేదు.