మడతబందు

పాకాల మీటర్‌గేజి ఇంజను
అరచేతిలోకి దిగతా ఉండాది.
ఇంక క్యాబిను మెట్లే బాకీ:
గోరంత ఇత్తడి రేకు, మూడు మడతలు.

దాన్ని వంచే పనిముట్టు
నాలుగువేల రెండొందలంట.
గాంధీరోడ్డు ఇనప కొట్లో
మొగిలన్న నవ్వినాడు.
"తలుపుల మడతబందు చాలదా అబ్బయా,
ముప్పై రూపాయలు.
స్టీలు స్కేలు ఆనించి
అంచును ఎండకు పట్టి చూడు."

ఏడు బందులు పట్టి చూసినా.
ఆరింట్లో వెలుతురు కారింది.

గీత లోపలికే వంచాల,
ఒక్కసారే వంచాల.
తప్పని వెనక్కి తిప్పితే
మాట పడిన మనిషి మాదిరి
ఇత్తడి ఆడనే తెగతాది.

మొదటి మెట్టు తెగింది.
రెండోది కుదిరింది.
ఇంక డ్రైవరు ఎక్కచ్చు.
వాణ్ణింకా చెయ్యలా.