ఎడం లెక్క

ఇందుకూరుపేట రోడ్డులో, కాలవ దాటినాక
ఫారం వాళ్ళ కయ్య.
నేను చెంచమ్మని, కూలికి పొయ్యేదాన్ని.
నాట్లకని పిలిచి
చేతిలో చిన్న కత్తెర పెట్టాడు మాలకొండయ్య సారు.

సందకాడ వరికంకి వంచి
గుల్ల కొస కత్తిరించి
లోపలి ఆరు పుప్పొడి తిత్తులూ ఊడబెరకాల.
ఒక్కటి మిగిలినా పనికిరాదు.
నూనెకాయితం సంచి తొడిగి
తెల్లారినాక ఇంకో మొక్క దుమ్ము దాని మీద దులపాల.
ఇది పెళ్ళా సారూ, దొంగతనమా అంటే
ఆయన నవ్వలా.
ఆయనకి నవ్వు రాదు.

చిత్తడి గుంటల్లో దానంతటదే మొలిచే ముళ్ళవరి
అగ్గితెగులుకి మాడదు.
మన సన్నగింజ మాడిపోద్ది.
దాని బలం కావాల, ముల్లు వద్దు.
ఆ రెండూ ఒకే దండలో ఆనుకోనున్న పూలంట,
ఒకదాన్ని లాగితే రెండోది ఎంట వస్తదంట.

దండ సంగతి నాకు చెప్పబళ్ళా.
ఎండాకాలం ట్రంకురోడ్డులో
కనకాంబరాలు మూరలేసి అమ్మినదాన్ని.
కళ్ళు మూసుకోని యాడో ఒకచోట దారం తెంపితే
ఈ కొస పువ్వూ ఆ కొస పువ్వూ వేరైపోతయ్.
పక్కపక్క రెండూ
ఎప్పుడో గానీ విడిపోవు.
"అదే చెంచమ్మా" అన్నాడు సారు.
"గింజ పుట్టకముందు రెండు దండలు పెనేసుకోని తెగతయ్.
దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి అతుక్కుంటది."

మళ్ళీ ఎడగారుకి ఆరువందల మొక్కలు.
నారప్పుడే తెగులు చల్లి
మచ్చపడ్డదానికి ఎర్రదారం, పడనిదానికి తెల్లదారం కట్టినాం.
కంకులొచ్చినాక ముల్లు తడిమి చూసినాం.
తెల్లదారం, ముల్లు: రెండొందల ఎనభైతొమ్మిది.
ఎర్రదారం, నున్నగింజ: రెండొందల ఎనభైయేడు.
అవి పెద్దోళ్ళ పోలికలు, పోనీ.
ఆ పోలిక తప్పినయ్యి ఇరవైనాలుగు.
అందులో పదమూడు
ముల్లూ లేదు, మచ్చా లేదు.
వాటి ముందు బురదలో గొంతుక్కూచున్నా చానాసేపు.

"నూటికి నాలుగు. ఎడం నాలుగు" అని
పుస్తకంలో గీత గీసి రెండు చుక్కలు పెట్టాడు.
నాలుగేంది సారూ, మూరలా బెత్తెలా?
"విడిపోవటాలు."

కొలబద్ద లేదు, తాడు లేదు.
విడిపోయినయ్యి లెక్కబెట్టి
దగ్గిరితనం చెప్తన్నాడు ఈ మనిషి.

ఆ రాత్రి నిద్ర పట్టలా.
నేనూ వెంగమ్మా ఇరవైరెండేళ్ళు
ఒకే మునుంలో పక్కపక్కన వంగినాం.
తుఫానొచ్చిన ఏడు ఆమె అల్లూరు పోయింది, అదొక్కటి.
నలభైనాలుగు కార్లకి ఒకటి.
నూటికి ఎంతనో వేళ్ళమీద కట్టుకోని
రెండు, రెండుకి రవ్వంత పైన అని తేల్చి
మురిసిపొయ్యా.

తెల్లారి సారుకి చెబితే గెడ్డం గోక్కున్నాడు.
"దూరం పూలతో ఒక చిక్కుంది.
నడుమ రెండుచోట్ల తెగి, రెండుసార్లు మారితే
కొసపూలు మళ్ళీ ఒకే దండలో తేలతయ్.
మన లెక్కకి అసలు తెగనట్టే.
నడుమ ఇంకో గుర్తుంటేనే దొరికేది."

నేనింక మాట్టాడలా.

చీటీ డబ్బుల కాడ మాటొచ్చి
ఒక కారంతా వెంగమ్మ మొహం చూడలా నేను.
మళ్ళీ ఎట్టా కలిసినామో, ముందు ఎవరు పలకరించారో
ఇప్పటికీ తెలీదు.
మేస్త్రీ పుస్తకంలో ఆ కారుకి
ఇద్దరికీ హాజరే పడుంది.

ఆ కారు మా నడుమకొచ్చి నిలబడింది మౌలాబీ.
ఆమెని ఎవరూ రమ్మనలా.
నీళ్ళ చెంబు నా చేతిలోంచి తీసుకోని
వెంగమ్మ చేతికిచ్చేది,
అది ఖాళీ అయితే మళ్ళీ నాకు.
రోజుకి ఎన్నిసార్లో
ఆమెకి తెలుసు.

ఈ ఏడు పదమూడు మొక్కల విత్తనం
ఆరు సెంట్లకి వచ్చింది.
పిక్కలోతు బురద, పొద్దు ఇంకా ఎక్కలా.
నేను, మౌలాబీ, వెంగమ్మ.
ఎవరు యాడ నిలబడాలో
మాకెవరూ చెప్పలా.