పట్టూ విడుపూ

నాలుగింటికే సరస్సు మీదికి వెళ్తాం, ఎలోఫూ నేనూ.
నేను బరమా తిప్పుతాను, అతను టార్చి పడతాడు.
"అరవై రెండు సెంటీమీటర్లు" అంటాను.
రాసుకుంటాడు. గడ్డ కింద నీళ్లు
పై అంతస్తులో ఎవరో మంచం జరిపినట్టు
ఒక్కసారి మూలుగుతాయి.

ఉత్తర స్వీడన్‌లో జనవరి పొద్దు ఎప్పుడు పొడుస్తుందని అడిగితే
ఎలోఫ్ భుజాలెగరేస్తాడు.
పదిన్నరకి జర్మన్లు వస్తారు,
చారల బట్ట కప్పుకున్న, ఇంకా పేరు పెట్టని కార్లతో.
జారడానికే ఇంత దూరం వస్తారు వాళ్లు.
జారకుండా ఇంటికి చేరడమే మాకు చదువు.

ఎలోఫ్ ముప్పై ఏళ్లు దుంగల లారీ తోలాడు.
డెబ్బై తొమ్మిదిలో, వంతెన ముందు దిగుడులో,
రోడ్డుకి అడ్డంగా పదకొండు రెయిన్‌డీర్లు.
బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. చక్రాలు బిర్రబిగుసుకున్నాయి.
ఆ సంగతి ఎప్పుడు చెప్పినా మూడే మాటలు:
స్టీరింగ్ తిప్పాను. అది తిరిగింది. లారీ తిరగలేదు.
ఎన్ని మిగిలాయని నేనెప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత కాలికి నేర్పుకున్నాడు:
నొక్కు, వదులు. నొక్కు, వదులు.
సెకనుకి రెండుసార్లు, మరీ భయమేస్తే మూడు.

వీబ్కె అనే ఇంజనీరు ఒకరోజు కాఫీ దగ్గర
చక్రంలో ఉండే పళ్ల ఉంగరం తెచ్చి నా అరచేతిలో పెట్టింది.
దాని పక్కనే ఒక సెన్సరు,
దాటిపోయే పళ్లు లెక్కపెట్టడమే దాని ఉద్యోగం.
బండి ఇంకా పరిగెడుతుండగా లెక్క చటుక్కున పడిపోయిందంటే
ఆ చక్రం మొండికేసిందన్నమాట.
దొర్లే చక్రానికి నేల మాట వినపడుతుంది,
బిగుసుకున్నదానికి ఎటు తిప్పినా ఒకటే.
అప్పుడొక వాల్వు మూసుకుంటుంది: ఇక చాలు.
ఇంకోటి తెరుచుకుంటుంది: కాస్త వదులు.
చక్రం కదిలిందా, మళ్లీ పట్టు.
సెకనుకి పది, పదిహేనుసార్లు.
నాలుగు చక్రాలకీ ఎవరి లెక్క వాళ్లది.

"ఇది మా చేపలవాళ్లకి తెలుసు" అన్నాను.
గడ్డకి తొలిచిన కంతలో చార్ చేప గాలానికి తగిలితే
తెగేదాకా లాగం.
దారం కొంచెం ఇస్తాం, కొంచెం తీసుకుంటాం.
వీబ్కె అది నోటుబుక్కులో రాసుకుంది, ఎందుకో మరి.

పొడిమంచులో మాత్రం దీని ఆట సాగదట.
అక్కడ బిగుసుకున్న చక్రమే
తన ముందు మంచు గుట్టలా పోగేసుకుని తొందరగా ఆగుతుందని
ఆమే చెప్పింది, కాస్త చిన్నబుచ్చుకుని.
ఎలోఫ్ ఆ రోజంతా ఈల వేశాడు.

మార్చి ఆఖరివారం అతన్ని కారెక్కించారు.
ఒడ్డున ట్రాకు: ఎడమ చక్రాల కింద అద్దంలాంటి గడ్డ,
కుడి చక్రాల కింద వెచ్చబెట్టిన తారు.
వెనక సీట్లో నేను.
డెబ్బైలో ఉండగా, నారింజ రంగు కోను ముందు,
"ఇప్పుడు" అంది వీబ్కె.

నొక్కాడు. పెడల్ కాలి కింద గిలగిలా కొట్టుకుంది,
అడుగున ఏదో గరగరమంది.
అదిరిపడి కాలు తీసేశాడు.
కోను ఎగిరి ఎక్కడో పడింది.
"అందరూ తీసేస్తారు" అంది ఆమె.
"చెడిపోయిందనుకుంటారు. అది పనిచేస్తున్న చప్పుడు."

రెండోసారి
నొక్కి, దవడ బిగించి, తియ్యలేదు.
పెడల్ కొట్టుకుంటూనే ఉంది.
స్టీరింగ్ తిప్పాడు. అది తిరిగింది.
కారు తిరిగింది.
కోను పక్కనుంచి వెళ్లి, కొంత దూరంలో ఆగాం.
వెనకద్దంలో అది నిలబడే ఉంది.

చాలాసేపటిదాకా కాలు తియ్యలేదు.
తర్వాత వంగి, పెడల్ వెనక చీకట్లోకి చూసి
"ఎవరి కాలు పెట్టారు ఇందులో?" అన్నాడు.

వీబ్కె నవ్వింది.
అతను అప్పటికే ఖాళీ ట్రాకు వైపు తిరిగాడు.
పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నట్టు.
పదకొండు దగ్గర ఆగాడు.