మిట్ట మీద మెటడోరు

ముచ్చుమర్రి దాటినాక తారు అయిపోయింది.
ఇంకో మైలు పోతే దారి కూడా అయిపోయింది.
ఉరుకుందు దిగి
నాలుగు టైర్లలో సగం గాలి తీసినాడు.
ఉస్సుమని కూచునింది మెటడోరు,
దూరం నుంచి వచ్చిన చుట్టం మాదిరి.

వేసవిలో కృష్ణ వెనక్కి తగ్గితే
నడిమధ్యన తేలే మిట్ట ఇది,
మడుగులో ఎనుము వీపు.
ఈ పక్క పారే నీళ్ళు, ఆ పక్క పడుకున్న నీళ్ళు.
కోస్తావాళ్ళైతే లంక అంటారంట.
నీళ్ళ నడుమ నేలకు మా దగ్గర పేరు లేదు.
పేరు పెట్టేటంతగా ఎప్పుడు చూసినాము గనక?

కరెంటు స్తంభం లేదు, కొళాయి లేదు,
ఎవరు మీరని అడిగే నాథుడు లేడు.
తెచ్చుకున్నది రెండు క్యాన్ల మంచినీళ్ళు,
కొర్రబియ్యం, డబ్బాడు ఊరిబిండి,
గుంత తవ్వుకునేదానికి పార,
చెత్త వెనక్కి మోసుకపోను ఖాళీ యూరియా సంచి.
చుట్టూ ఇన్ని నీళ్ళు కనపడతాన్నా
క్యాను మూత ఇంకొంచెం బిగిస్తాంది నా చెయ్యి.

పొయ్యికి రాళ్ళు ఏరబోతే
ఒకటి రోలు.
డ్యాము కింద మునిగిన ఏ ఊరిదో, ఏ ఇంటిదో.
మసి చేయబుద్ధి కాలేదు.
ఒండ్రు కడిగి, మొగం ఆకాశానికి పెట్టి
పక్కన ఉంచినా.

ఇరవై ఏడేండ్లు బోరు లారీ మీద బతికినాడు ఈయన.
తావు చూపిచ్చేదీ ఈయనే, తోలేదీ ఈయనే.
పత్తికొండలో ఏడొందల అడుగులు,
ఆస్పరిలో తొమ్మిదొందలు,
తెల్లారేదాకా తెల్లటి దుమ్ము.
రైతు పెండ్లాము ఇచ్చిన టీ
తాగలేక గట్టు మీదే వదిలేసిన గ్లాసులు.
ఇప్పటికీ చెవిలో కంప్రెసర్ తిరగతానే ఉంటాది,
రెండోసారి పిలిస్తే గానీ పలకడు.
పని మానేసిన రోజు తుక్కు కింద కొన్నాడు ఈ బండి.
ఐసు మోసిందంట, అంతకుముందు బడిపిల్లల్ని.
సీట్లు పీకి నులకమంచం బిగించినాడు.
యాడికి పోదామంటే
"నీళ్ళు ఎతకాల్సిన పని లేని తావుకు" అన్నాడు.

పొద్దు గుంకేటప్పుడు ఏం తోచిందో
సంచిలోని టెంకాయ తీసి
అరచేతిలో పడుకోబెట్టుకున్నాడు,
జుట్టు ముందుకు, చేను కొలిచినట్టే.
కింద నీళ్ళుంటే అది లేచి నిలబడాల.
ఒక్క అడుగు వేసినాడు,
నిలబడింది.
వెనక్కి తిరిగినాడు,
నిలబడింది.
మిట్ట ఈ కొస నుంచి ఆ కొసదాకా
చంటిబిడ్డను ఆడిచ్చినట్టు తిప్పినాడు,
పడుకోనంటే పడుకోనంటాది.
నవ్వినాడు. నవ్వుతా నవ్వుతానే కూలబడినాడు.
"సుంకమ్మా, ఇన్నేండ్లు ఇది అబద్ధం చెప్పిందో,
నేనే చెప్పిచ్చినానో."
ఏమనాలో తెలీక
టెంకాయ తీసుకొని పారకు కొట్టినా.
నీళ్ళు తియ్యగానే ఉండాయి.

రాత్రి గాలి మమ్మల్ని నిద్రపోనియ్యలేదు.
అన్నంలో ఇసుక, చెవుల్లో ఇసుక,
ఊగుతా ఉండాది బండి.
వాన లేని మబ్బులు కూడా లేని ఆకాశం,
ఏదీ అడ్డం లేక చుక్కలు నేలదాకా దిగినాయి.
ఎప్పుడో ఒక జాములో
ఈయన చెవి ఇసుకకు ఆనిచ్చి పడుకోనుండాడు.
ఏం వినపడతాంది అంటే
మొదటిసారికే పలికినాడు.
"ఏమీ లేదు" అన్నాడు. ఆ మాట ఎంత సల్లగా అన్నాడో.

తెల్లారి చూస్తే మిట్ట సన్నబడింది.
ఎగువన యాడో వాన పడింటాది,
ఎవరో గేటు ఎత్తింటారు.
పొయ్యి బూడిద కొట్టుకపోయింది.
వెనక టైర్లు నీళ్ళల్లో,
రోలు అంచుదాకా నిండి, దాంట్లో ఒక బుడ్డపరక.
వేలెడు వేలెడు
అవే వస్తాండాయి, అడక్కుండానే,
ఈయన కాళ్ళకాడికి.

"బండి తియ్యి" అని అరిచినా.
"కొంచెం ఆగు" అన్నాడు
మడమలు మునిగినా కదలకుండా.
గ్లాసు రెండు చేతులా పట్టుకొని
టీ కడాకు తాగినాడు,
అడుగున చక్కెర కూడా వేలితో.