మూడో మాట

రాత్రి పదికి నా ఫోను నా చేతికొస్తుంది.
అప్పటిదాకా అది వంటింటి అలమరలో
సులేమానీ చాయ్ డబ్బా పక్కన
బోర్లా పడుకొని ఉంటుంది.

తిప్పి చూస్తే పచ్చ చుక్క.
చెల్లెలు సుబ్బరత్న పంపిన గొంతు, నలభై సెకన్లు.
నలభై సెకన్లలో ఎంత చెడ్డ కబురైనా పడుతుంది,
ఆ కొలత నాకు బాగా వచ్చు.
పన్నెండైతే ఎవరో పడిపోయినారు.
నలభై అయితే ఆస్పత్రికి ఎత్తకపోయినారు.
నిమిషం దాటిందా, ఇంక లేవరు.
ఇట్లా నాలుగేండ్లు
వినకముందే ఏడ్చి, విన్నాక ముక్కు తుడుచుకొని
"పులుసులోకి బెల్లం ఎంత వేస్తావక్కా" అని
అది అడిగినదానికి జవాబు చెప్పినా.

ఓబులమ్మ పక్కింట్లో పని చేస్తుంది.
ఆమెది పులివెందుల పక్క, నాది రాయచోటి పక్క.
ఈ రుమైతియాలో మా ఇద్దరి ఊరూ
వీధి చివర చెత్త డబ్బా.
పొద్దున ఆరుకు రెండు సంచులు, రెండు నిమిషాలు.

ఒకనాడు నా కండ్లు చూసి చెప్పింది:
"వినే ముందర మూడు చెప్పుకో మే.
ఒకటి నీ బయం చెప్తుంది, చెప్పనీ,
దాని నోరు నువ్వు మూయలేవు.
రెండోది నువ్వు చెప్పు.
మూడోది ఊరికే చెప్పు, నవ్వొచ్చేది."
సంచి లోపలేసి మూత దబ్బున వేసింది.
పదహారేండ్ల కువైట్ ఆ చప్పుడులో ఉంది.

మొదట్లో రెండోదానికాడే నిలబడిపోయేదాన్ని.
మంచిది అనుకోవాలంటే
ఎవరి సొమ్మో కొంగున కట్టుకున్నంత సిగ్గు.
ఉల్లిగడ్డలు తరుగుతా నేర్చుకున్నా.
మామా కప్పు టక్కుమని పెట్టి పోతే,
ఒకటి: నన్ను ఊరికి పంపించేస్తుంది.
రెండు: ఆమెకు పంటి నొప్పి.
మూడు: కొత్త తెల్ల కారు మీద
వీధిలో పావురాలన్నీ పంచాయితీ పెట్టినాయి.
ఏది నిజమో ఈనాటికీ తెలీదు.
ఆ పూట అన్నం మాత్రం మాడలేదు.

తరువాత మే నెలలో,
దుమ్ము గాలి ఆకాశాన్ని పసుపు నీళ్లలో ముంచిన నాడు
మొదటిదే నిజమైంది.
మరిది ఆటో బోల్తా పడింది.
కాలు రెండు చోట్ల విరిగింది.
తెల్లారి చెత్త సంచితోనే
ఓబులమ్మ మీదికి పోయినా:
"యాడ పోయినాయి నీ రెండోదీ మూడోదీ?"

ముక్కుకు కట్టిన గుడ్డ దించి
ఆమె చాలాసేపు దగ్గింది.
"చెడ్డది రాదని నేనెప్పుడు చెప్తి?
అదొక్కటే రాదంటి, అంతే.
ఆటోలో ఇంకా ఎవరుండిరి?"
"బడి పిల్లోళ్లు. నలుగురు. రోజూ ఉంటారు."
"వాళ్లకేమైంది?"

నాకు తెలీదు.
కాలు విరిగిందన్న మాటకాడే
వినడం ఆపేసినా.
ఆ రాత్రి మళ్లీ పెట్టుకుంటే
చివరి ఆరు సెకన్లలో ఉంది,
ఏడుస్తానే చెప్పింది సుబ్బరత్న:
"పిల్లోళ్లకు గీటు కూడా పడలేదక్కా."
ఇంతకు ముందు ఎన్ని చివరి ఆరు సెకన్లు
వినకుండా పారేసుకున్నానో,
అవి యాడ ఏరుకోవాల.

ఇప్పుడు మళ్లీ రాత్రి పది.
ఆడ అప్పుడే రేపు మొదలై అరగంటైంది.
పచ్చ చుక్క. యాభై మూడు సెకన్లు.
ఒకటి, ఎట్లాగూ అది ముందే వచ్చి కూర్చుంది,
కూర్చోనీ, దానికీ ఒక పీట.
రెండు, మరిది చేతికర్ర లేకుండా గడప దాటినాడు.
మూడు,
వాళ్ల నల్ల పెట్ట ఆటో సీటులో గుడ్డు పెట్టి
దిగనంటే దిగనంటా ఉంది.
పిల్లోళ్లు నలుగురూ చుట్టూ నిలబడి,
బడికి లేటు...

నవ్వు ఆగలేదు, గిన్నె చేయి జారింది.
పైనుంచి మామా గొంతు, ఏమైందని.
"మాఫీ మామా, ఏం లేదు" అంటి
సగం అరబీలో, సగం మా ఊళ్లో.

చేయి తుడుచుకొని
ఫోను చెవికి పెట్టుకుంటి.
ఈసారి చివరిదాకా.